చువ్వల సందు కొలిచి కొన్న టెలిస్కోపు

మా అత్తగారు పోయారన్న సంగతి నాకు ల్యాబ్‌లో తెలిసింది. రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే చిన్న ల్యాబ్ అది, భీమవరంలో. ఆ ఉదయం పదకొండు దాటాక, ఒక రైతు తెచ్చిన సీసాలో ఉప్పెంతుందో చూస్తుంటే ఎదురు ఫ్లాట్ ఆవిడ ఫోన్ చేశారు. "ఒకసారి ఇంటికి రామ్మా. కంగారు పడకు. పెద్దావిడ పలకట్లేదు," అన్నారు. కంగారు పడకు అన్న మాటలోనే నాకంతా అర్థమైపోయింది. మెట్లెక్కి వెళ్ళేసరికి ఆవిడ బాల్కనీలో, తన కుర్చీలోనే ఉన్నారు. తల కొంచెం పక్కకి వాలి ఉంది. డాక్టరు వచ్చి గుండె ఆగిపోయిందన్నాడు. ఎక్కువ బాధ పడి ఉండరన్నాడు.

ఇది జరిగి నెల దాటలేదు. దినాలయ్యాయి, చుట్టాలు వెళ్ళిపోయారు. వెళ్ళేముందు వాళ్ళలో కొందరు గొంతు తగ్గించి ఒక మాట అడిగారు: "అయితే ఆ టైముకి ఇంట్లో ఎవరూ లేరా?" లేరు. ఎందుకు లేరో చెప్పాలంటే మా అత్తగారు ఎలాంటి మనిషో, ఆ మూడేళ్ళు మేమిద్దరం ఆ ఇంట్లో ఎలా ఉన్నామో చెప్పాలి. ఒక వాక్యంలో చెప్పే సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను.

ఆవిడ నీటిపారుదల శాఖలో ట్రేసర్‌గా పని చేసి రిటైరయ్యారు. ఇంజనీర్లు పెన్సిలుతో వేసిన కాలవల మ్యాపుల మీద పల్చటి కాగితం పరిచి, ఇంకుతో గీత గీతా ఎక్కించే పని. ఇప్పుడా పని కంప్యూటర్లు చేసేస్తున్నాయి. మామగారు పోయాక మా దగ్గరికి వచ్చేశారు. వచ్చిన రెండో ఏడు బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషను చేశారు కానీ, వాకర్ పట్టుకుని పది అడుగులు వెయ్యగలగడంతో ఆగిపోయింది.

మాది మూడో అంతస్తు. అద్దిల్లు. లిఫ్ట్ కోసమని కట్టిన గొయ్యి ఉంది గానీ లిఫ్ట్ మాత్రం రాలేదు. ప్రతి అంతస్తులోనూ ఆ ఖాళీకి అడ్డంగా చెక్క కొట్టేశారు. ఆపరేషను తర్వాత ఒకసారి ఆవిడని ఆసుపత్రికి మెట్ల మీద మోసుకుని దింపారు. మలుపు దగ్గర కుర్చీ గోడకి తగిలి, ఆవిడ పెట్టిన కేక నాకింకా గుర్తుంది. పైకి తెచ్చి పడుకోబెట్టాక, "ఇంక నన్ను దింపకండర్రా," అన్నారు. ఆ తర్వాత మందులైనా, రక్తపరీక్షలైనా ఇంటికే వచ్చాయి.

చూసుకోవడానికి మనిషి కావాలి. ఇద్దరు వచ్చి మానేశారు. మా ఆయనది మేత కంపెనీ ఉద్యోగం, వారంలో నాలుగు రోజులు చెరువుల వెంట తిరగాలి. నేను ల్యాబ్ మానేశాను. ఎవరూ మానమని చెప్పలేదు. మానకుండా కుదిరే దారి ఎవరికీ కనిపించలేదు, అంతే.

ఆవిడ మంచం హాల్లో, బాల్కనీ తలుపు పక్కన వేశాం. ఆ బాల్కనీకి దొంగల భయంతో ఇంటివాళ్ళు కింద నుంచి పై దాకా ఇనప చువ్వలు పెట్టించారు. ఎదురుగా రెండు అపార్టుమెంట్లు, వాటి మధ్య సందులో నిలువుగా తలుపంత ఆకాశం. చలికాలం మూడు నెలలూ సూర్యుడు పొద్దున పది దాటాక ఆ సందులోకి వచ్చి గంటో గంటంపావో ఉండి వెళ్ళేవాడు. రాత్రి చూస్తే ఎదుటివాళ్ళ ట్యూబులైట్లు తప్ప ఏమీ లేవు. చుక్కలు లేవు, చంద్రుడు ఎప్పుడో తప్ప రాడు.

ఒక రోజు ఆవిడ నన్ను పిలిచి గోడ చూపించారు. "అమ్మాయ్, ఆ కర్టెన్‌కి చిరుగుంది చూడు. పొడుగ్గా ఉంది కదా. గోడ మీద పడ్డ వెలుగు గుండ్రంగా ఎందుకుంది?"

రూపాయి బిళ్ళంత వెలుగు. నేను మూడేళ్ళు మైక్రోస్కోపులో రొయ్య పిల్లల్ని చూసినదాన్ని, నాకూ జవాబు తెలీలేదు. ఫోన్లో వెతికి, అది చిరుగు ఆకారం కాదని, సూర్యుడి బొమ్మేనని చదివి వినిపించాను. ఆవిడ మళ్ళీ గోడవైపు చూశారు. "అయితే ఇన్నాళ్ళూ గోడ మీద ఆయనే ఉన్నాడన్నమాట," అన్నారు. మర్నాడు పెన్సిలు అడిగి తెప్పించుకున్నారు. ఆ వెలుగు చుట్టూ గీత గీసి పక్కన టైము వేశారు. వారం తిరిగేసరికి గోడ నిండా సున్నాలు. తర్వాత పేపర్లో సూర్యుడి మీద మచ్చల గురించి ఏదో వార్త చదివారు. గోడ మీద బొమ్మలో అవి కనిపించట్లేదని, చూడాలని ఉందని మా ఆయనతో అన్నారు. పడిపోయాక ఆవిడ ఏదైనా కావాలనడం అదే మొదటిసారి.

మా ఆయన సంబరపడిపోయి ఆ రాత్రే ఆన్‌లైన్‌లో ఒక టెలిస్కోపు ఆర్డరు పెట్టేశారు. ఐదువందల రెట్లు పెద్దగా చూపిస్తుందని డబ్బా మీద రాసుంది. గొట్టం ప్లాస్టిక్కు, కాళ్ళు గడ్డిపరకల్లా ఊగుతున్నాయి. దాంతో పాటు కన్ను పెట్టే కటకానికి బిగించుకోవడానికి నల్లద్దం బిళ్ళ ఒకటి ఇచ్చారు. సూర్యుణ్ణి చూడ్డానికట.

ఆవిడ భూతద్దం పెట్టి ఆ కాగితాలన్నీ చదివారు. "ఈ బిళ్ళ ఎక్కడ పెడతారు? కంటి దగ్గరా?" అన్నారు. "ఎండంతా ముందు అద్దంలోంచి లోపలికొచ్చేసి, ఒకచోట పోగయ్యాక, అక్కడ ఆపుతుందా ఇది? కాలవకి గండి పడ్డాక ఊళ్ళో గుడ్డ అడ్డం పెట్టినట్టుంది."

నాకు విసుగొచ్చింది. వంట అవలేదు, దుప్పట్లు ఉతకాలి. "వాళ్ళే ఇచ్చారు కదండీ, అత్తయ్యగారూ. పనికిరానిది ఇస్తారా?" అని గొట్టం సూర్యుడి వైపు తిప్పి, వంగబోయాను.

భూతద్దం పిడితో నా చెయ్యి మీద కొట్టారు. నిజంగానే, నొప్పి పుట్టేలా కొట్టారు. "కన్ను కాదు, కాగితం పెట్టు," అన్నారు. పాత కేలండరు నల్లట్ట చింపి కన్ను పెట్టే చోట దగ్గరగా పట్టుకున్నాను. రెండు మూడు నిమిషాలు ఏమీ కాలేదు. ఇంక ఆపుదామనుకుంటుండగా టిక్కుమని చిన్న చప్పుడైంది. బిళ్ళ నిలువునా చిట్లింది. ఆ వెంటనే అట్ట మీద సన్నటి పొగ లేచి, బియ్యపు గింజంత కన్నం పడింది.

ఇద్దరం ఆ కన్నం వైపే చూశాం. ఆవిడ వేలితో దాన్ని చూపించారు. "అది నీ కన్ను అమ్మాయ్," అన్నారు. "కన్ను రెండోసారి ట్రేస్ చేసుకునేది కాదు," అన్నారు.

ఆ టెలిస్కోపుని తిప్పి పంపేశాం. మా ఆయన ఇంక ఆ ఊసు వద్దన్నారు. కానీ ఆవిడ ముప్పయ్యేళ్ళు ఆఫీసులో పని చేసిన మనిషి. తప్పు జరిగితే పని మానెయ్యరు, కొలతలు మళ్ళీ తీస్తారు. నా ఫోను తీసుకుని, భూతద్దంతో, పదిహేను రోజులు చదివారు. తెలుసుకున్నవి నోటుబుక్కులో ఎక్కించారు. సూర్యుణ్ణి చూసేటప్పుడు అడ్డు ఎప్పుడూ గొట్టం మూతి దగ్గరే ఉండాలి, ఎండ లోపలికి రాకముందే ఆగాలి. ఎన్ని రెట్లు అని అడగకూడదు, ముందు అద్దం ఎంత వెడల్పో అడగాలి. మూతి తెరిచి ఉండి అడుగున అద్దం పెట్టే రకం తనకి వద్దు, మాటిమాటికీ సరిచేసుకోవాలి. ముందు కటకం ఉన్న మూసిన గొట్టమైతే దుమ్ము పోదు, సరిచేసే పని లేదు, పైగా వంపు ముక్క ఒకటి తగిలిస్తే కుర్చీలో కూర్చునే కిందికి చూడొచ్చు. మరీ పొట్టి గొట్టమైతే అంచుల్లో రంగులు కనిపిస్తాయి. అన్నిటికన్నా ముందు కాళ్ళు గట్టిగా ఉండాలి. ఈ చివరిదాని కింద రెండు గీతలు కొట్టారు.

పది వేలు దాటకూడదన్నది ఆవిడ లెక్క. ఆ డబ్బులో రెండు రకాలు మిగిలాయి. ఒకదానికి ముందు కటకం డెబ్భై మిల్లీమీటర్లు, రెండోది పాతదేదో తక్కువకి వస్తోంది, తొంభై. పెద్దదే తీసుకుందామన్నారు మా ఆయన. ఆవిడ స్కేలు తెమ్మన్నారు. వాకర్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళి, నన్ను నడుం దగ్గర పట్టుకోమని, రెండు చువ్వల మధ్య సందు కొలిచారు. నాలుగున్నర అంగుళాలు. తర్వాత టెలిస్కోపులమ్మే షాపుకి ఫోన్ చేయించి స్పీకర్ పెట్టమన్నారు.

"ఏవండీ, డెబ్భై దానికి గొట్టం మూతి బయటి కొలతెంతండీ?"

"మేడమ్, జూమ్ వచ్చేసి..."

"జూమ్ అడగలేదు బాబూ. మూతి. స్కేలు పెట్టి చూసి చెప్పండి, నేను లైన్లోనే ఉంటాను."

అతను వెళ్ళి కొలిచి వచ్చాడు. చిన్నది మూడున్నర. ఎండని ఆపే ఫిల్టరు తొడుగు మూతికి వేస్తే నాలుగవుతుంది, చువ్వల్లోంచి పోతుంది. పెద్దదానికి మూతే నాలుగున్నర దాకా ఉంటుందట, పోదు. "గ్రిల్ ఒకచోట కోయించేద్దామా అమ్మా?" అన్నారు మా ఆయన. "అద్దింటి చువ్వలు మనవా కొయ్యడానికి? చువ్వల్లో పట్టిందే మనకి తగింది," అన్నారు ఆవిడ. చెబుతుంటే ఆవిడ గొంతులో బాధేమీ లేదు. నేను మాత్రం ఆ స్కేలు ఆ రెండు చువ్వల మధ్య ఆనిన చోటునే చూస్తూ నిలబడ్డాను. ఆ సందులో ఉన్నది ఆవిడొక్కరే కాదు కదా.

టెలిస్కోపు వచ్చాక కూడా వారం దాకా దాన్ని ఎండలోకి తిప్పనివ్వలేదు. వెండి రంగులో మెరిసే సోలార్ ఫిల్మ్ విడిగా తెప్పించారు. అట్టముక్కలతో తొడుగు ఆవిడే చేశారు. బాగా అలవాటైన చేతులు, అతుకు ఎక్కడుందో కనిపించదు. ఫిల్మ్‌ని బల్బుకి అడ్డం పెట్టి సూదిమొనంత కన్నమైనా ఉందేమోనని ఇంచీ ఇంచీ చూశారు. గాలికి ఊడకుండా తొడుగు చుట్టూ మూడుచోట్ల టేపు వేయించారు. పైన దారి చూపించే బుల్లి గొట్టాన్ని ఏకంగా పీకించేశారు, అందులోంచైనా పొరపాటున ఎవరూ చూడకుండా. సూర్యుడి వైపు తిప్పడానికి నేల మీద గొట్టం నీడ చూడాలి, నీడ చిన్నదైపోయి గుండ్రంగా అయినప్పుడు సరిపోయినట్టు.

మొదట నన్నే చూడమన్నారు. తెల్లటి బిళ్ళ, నల్లటి ఆకాశం. దాని మీద ఒక పక్కగా రెండు చుక్కలు, వాటి చుట్టూ బూడిద రంగు అంచు. నేను లేచాక ఆవిడ చూశారు. చూస్తూనే ఉండిపోయారు. తర్వాత, "కాగితం ఇవ్వు," అన్నారు.

ఆ చలికాలమంతా అదే దినచర్య. పొద్దున స్నానం, మందులు, పది కాగానే కుర్చీ బాల్కనీలోకి. ఒక చువ్వల సందులో ఇరవై నిమిషాలు, సూర్యుడు జరగ్గానే నేను టెలిస్కోపు ముక్కాలి పీట ఎత్తి పక్క సందులోకి. డబ్బా మూత పెట్టి సున్నా గీసి, మచ్చ ఎక్కడుందో అక్కడ పెట్టేవారు. కింద తేదీ, టైము, మబ్బుందో లేదో, పొట్టి సంతకం. "స్కేలూ తేదీ లేనిది మ్యాపు కాదు, బొమ్మ," అనేవారు. ఒక మచ్చ ఈ అంచున పుట్టి పన్నెండు రోజుల్లో ఆ అంచుకి వెళ్ళడం కాగితాల మీద చూపించినప్పుడు ఆవిడ ముఖం చూడాలి. ఎదురు ఫ్లాట్ ఆవిడ వచ్చి, "సూర్యనారాయణమూర్తికి మచ్చలేంటండీ, అపచారం," అని చెంపలేసుకున్నారు. "మచ్చలున్నా పొద్దున్నే లేచి వస్తున్నాడు కదమ్మా," అన్నారు మా అత్తగారు.

నేను వాటన్నిటికీ సాయం చేశాను. ప్రేమతో చేశానని చెప్తే అబద్ధం. చాలా రోజులు పళ్ళు బిగబట్టి చేశాను.

మాఘం వెళ్ళేసరికి సూర్యుడు పైకి జరిగిపోయాడు. సందు దగ్గరికి వచ్చేసరికి మా పై ఫ్లాట్ బాల్కనీ శ్లాబు చాటున ఉండేవాడు. ఇంక కార్తీకం దాకా కనిపించడు. టెలిస్కోపుకి గుడ్డ కప్పేశాం. ఆవిడ గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టారు. ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం కరెంటు పోయేది. హాల్లో ఆవిడ, వంటింట్లో నేను, మధ్యలో ఒక గోడ.

ఒకరోజు ల్యాబ్ నుంచి ఫోనొచ్చింది. పంటలు మొదలయ్యాయి, మనిషి కావాలి, వస్తారా అని. కుదరదని చెప్పి పెట్టేశాను. అదే సమయానికి ఆవిడ లోపలినుంచి మంచినీళ్ళు అడిగారు. గ్లాసు తీసుకెళ్ళి బల్ల మీద ఠక్కుమని పెట్టాను. "మీకు తుంటి విరిగింది, మంచంలో ఉన్నారు. నాకేం విరిగిందని నేనిక్కడ ఉన్నానండీ? నాకూ ఊపిరాడట్లేదు," అన్నాను. అన్నాక నోరు మూసుకున్నాను గానీ, మాట వెళ్ళిపోయింది.

ఆవిడ ఆ నీళ్ళు తాగలేదు. మూడు రోజులు నాతో పనికి కావలసినంతే మాట్లాడారు. రోజూ కాగితాల మీద ఏదో గీస్తూ ఉండేవారు. నేను వెళ్తే దిండు కింద పెట్టేసేవారు.

నాలుగో రోజు సాయంత్రం మా ఆయన రాగానే ఇద్దర్నీ కూర్చోమన్నారు. ఒక పెద్ద కాగితం విప్పారు. మా ఇంటి ప్లాను. అంగుళానికి రెండడుగుల స్కేలు. మంచం, కుర్చీ, బాత్రూం, తలుపులు, అన్నీ కొలత ప్రకారం. మంచం నుంచి బాత్రూంకి, బాల్కనీకి వాకర్ వెళ్ళే దారి చుక్కల గీతతో వేసి, అడ్డొచ్చే టీపాయ్ తీసెయ్యాలని రాశారు. గోడకి పట్టుకునే కడ్డీలు మూడుచోట్ల. నీళ్ళ సీసా ఇక్కడ, మెడలో తాడుకి ఫోను, తాళంచెవి ఒకటి ఎదురు ఫ్లాట్‌లో, వాళ్ళు పదకొండింటికోసారి తొంగిచూడాలి. కుడివైపు కింద మూలలో గడి కట్టి అచ్చు అక్షరాల్లో రాశారు: విషయం, కోడలు ఉద్యోగానికి వెళ్ళు ఏర్పాటు. తొమ్మిది నుంచి ఒంటిగంట వరకు.

"వద్దండీ అత్తయ్యగారూ. ఆ రోజేదో కోపంలో అన్నాను," అన్నాను. ఏడుపొచ్చేస్తోంది.

"కోపంలో అన్నా కొలత సరిగ్గానే ఉంది," అన్నారు.

"అమ్మా, నీకేదైనా అయితే?" అన్నారు మా ఆయన.

"అమ్మాయి ఇంట్లో ఉంటే అవ్వదా? పడ్డప్పుడు అందరూ ఇంట్లోనే ఉన్నారు కదరా." పెన్ను తీసి ఆయన చేతిలో పెట్టారు. "ఆమోదించబడినది అని రాసి సంతకం పెట్టు. సంతకం లేకపోతే రేపు మాట అమ్మాయి మీదికి వస్తుంది."

ఆయన పెట్టారు. మొన్న ఆవిడ పోయాక పదకొండో రోజున చుట్టాల్లో ఒక పెద్దావిడ నలుగురిలో, "ఒక్కత్తినీ వదిలేసి పోయిందట పాపం," అన్నప్పుడు నేను తల వంచుకుని విస్తళ్ళు తీస్తున్నాను. మా ఆయనే, "సంతకం పెట్టింది నేను పిన్నీ. వెళ్ళమంది అమ్మ," అన్నారు. అయినా వదిలేసి పోయిందన్న ఆ మాట నాలోంచి పోలేదు. పోతుందనీ అనుకోను.

కార్తీకం వచ్చాక సూర్యుడు మళ్ళీ సందులోకి వచ్చాడు. రోజూ తొమ్మిదికి నేను కుర్చీ, టెలిస్కోపు సందు దగ్గర పెట్టి, తొడుగు బిగించి, టేపు వేసి, ఆవిడ వేలితో తడిమి "ఊఁ" అన్నాకే మెట్లు దిగేదాన్ని. పీట పక్క సందులోకి జరపలేరు కాబట్టి ఆ ఇరవై నిమిషాలే చూసేవారు. ఒంటిగంటకి వచ్చేసరికి కాగితం సిద్ధంగా ఉండేది. ఆఖరి రోజు కాగితం ఆవిడ ఒళ్ళో ఉంది. సున్నా గీశారు. తేదీ వేశారు, టైము పది ఇరవై అని వేశారు. లోపల ఏమీ లేదు. ఆవేళ మచ్చలు లేవో, చూసి పెట్టే లోపలే ఆగిపోయారో. ఫోన్లో వెతికితే ఆ రోజు సూర్యుడు ఎలా ఉన్నాడో తెలిసిపోతుంది. నేను వెతకలేదు.

ఇంకొక్క రోజు సంగతి చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరేముందు ఆదివారం. దింపద్దన్నారు గానీ ఎక్కించద్దనలేదు కదా అని నేనే మొదలుపెట్టాను. పైన ఇంకొక్క అంతస్తు, ఆ పైన డాబా. మా ఆయన, నాలుగో అంతస్తు అన్నదమ్ములిద్దరూ, నేను. చేతుల కుర్చీకి తువ్వాళ్ళు కట్టి, మలుపు దగ్గర ఆగి ఆగి, సాయంత్రం నాలుగున్నరకి ఆవిడని డాబా మీదికి చేర్చాం. దారంతా ఆవిడ కళ్ళు మూసుకుని, ఫిల్టరు డబ్బాని ఒళ్ళో రెండు చేతులతో పట్టుకునే ఉన్నారు. అపార్టుమెంట్లో సగం మంది వచ్చారు. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, తొడుగు ముట్టుకోవద్దని చెప్పి, మచ్చలు ఎన్నో లెక్కపెట్టించి పంపారు. చెంపలేసుకున్న ఎదురు ఫ్లాట్ ఆవిడ రెండుసార్లు చూశారు.

పొద్దు వాలాక అందరూ దిగిపోయారు. కుర్చీ ఎత్తడానికి మేం నలుగురం వచ్చాం. అప్పుడే సముద్రం వైపు నుంచి గాలి లేచింది. తీగ మీద ఎవరో ఆరేసిన పసుపు చీర ఒకటి ఉబ్బి, ఊడి వచ్చి, ఆవిడ తల మీదా ముఖం మీదా పడింది. నేను గబుక్కున తీయబోయాను.

"ఉండనీ అమ్మాయ్. గాలి తగిలి ఎన్నాళ్ళయిందో," అన్నారు చీర లోపలినుంచి.

ఆగిపోయాను. గాలి వచ్చినప్పుడల్లా ఆ తడి చీర ఆవిడ నుదుటికీ ముక్కుకీ అంటుకుని, మళ్ళీ పైకి లేచి, మళ్ళీ వచ్చి అంటుకుంటోంది. మేం నలుగురం కుర్చీని నాలుగువైపులా పట్టుకుని, ఎత్తకుండా అలాగే నిలబడ్డాం.